ఉమ్మడి హీటింగ్ బిల్లు వాచిపోతోందా? బ్రిటన్ ప్రభుత్వ గ్రాంటు మీ బిల్డింగ్ దాకా రప్పించడం ఎలా

లండన్, రెడింగ్, మాంచెస్టర్ లాంటి చోట్ల కొత్త అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లు చాలామందికి ఫ్లాట్‌లో బాయిలర్ ఉండదు. కింద బేస్‌మెంట్లో పెద్ద బాయిలర్లు ఉంటాయి, అక్కణ్ణుంచి వేడినీళ్లు పైపుల్లో ప్రతి ఫ్లాట్‌కీ వస్తాయి, మీటరు తిరుగుతుంది, నెలాఖరుకి బిల్లు వస్తుంది, ఆ బిల్లు చూసి సొంత గ్యాస్ బాయిలర్ ఉన్న ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే వాళ్లది మీ దాంట్లో సగం కూడా ఉండదు. పైగా ఈ బిల్లుకి ఆఫ్‌జెమ్ (ఇంధన నియంత్రణ సంస్థ) పెట్టే ప్రైస్ క్యాప్, అంటే ధరల మీద పరిమితి, వర్తించదు. సప్లయర్‌ని మార్చుకుందామంటే అదీ కుదరదు, బిల్డింగ్‌కి ఉన్నది ఒక్కరే.

ఇలాంటి, పనితనం సరిగా లేని ఉమ్మడి వ్యవస్థల్ని బాగుచేసుకోవడానికి ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వం గ్రాంట్లు ఇస్తోంది. పేరు హీట్ నెట్‌వర్క్ ఎఫిషియెన్సీ స్కీమ్, పొట్టిగా హెచ్‌ఎన్‌ఈఎస్. 2023లో 32 మిలియన్ పౌండ్లతో మొదలైంది, అదే ఏడాది డిసెంబరులో ఇంకో 45 మిలియన్లు ప్రకటించారు. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకి ఇది వర్తించదు.

ముందే ఒక మాట. ఈ గ్రాంటుకి మీరు, అంటే ఫ్లాట్‌లో ఉండేవాళ్లు, అప్లై చేయలేరు. వ్యవస్థ ఎవరి చేతిలో ఉందో వాళ్లే చేయాలి. మరి మనకెందుకీ గొడవ అంటారా? బిల్లు కట్టేది మనం కాబట్టి. ఓనర్ జేబులోంచి పైసా పోనప్పుడు ఆయనకి తొందరేముంటుంది? కాబట్టి మన పని ఆయన చేత అప్లై చేయించడం, అదీ ఆయన కాదనలేనన్ని లెక్కలు చేతిలో పెట్టుకుని.

1. మీది ఏ రకమో, ఎవరిదో తేల్చుకోండి

ఒకే బిల్డింగ్‌కి వేడి ఇచ్చేదాన్ని కమ్యూనల్ హీటింగ్ అంటారు, ఒక ప్లాంట్ నుంచి రెండు మూడు బిల్డింగ్‌లకో ఒక పేటకో ఇచ్చేదాన్ని డిస్ట్రిక్ట్ హీటింగ్ అంటారు. రెండింటినీ కలిపి హీట్ నెట్‌వర్క్ అంటారు, గ్రాంటు రెండింటికీ ఉంది. మీ ఫ్లాట్ అల్మారాలో తెల్లటి పెట్టె ఒకటి ఉండి, దాంట్లో చిన్న ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్, కవాటాలు, మీటరు ఉంటే అది హీట్ ఇంటర్‌ఫేస్ యూనిట్, అందరూ హెచ్‌ఐయూ అంటారు. అది ఉందంటే మీరు హీట్ నెట్‌వర్క్ మీద ఉన్నట్టే.

ఇప్పుడు మీ లీజు కాగితం తీయండి. చూడాల్సింది ఒకటే విషయం: వేడికి డబ్బు సర్వీస్ ఛార్జ్‌లో (బిల్డింగ్ నిర్వహణకి అందరూ కట్టేది) భాగంగా కడుతున్నారా, లేక ఎనర్జీ కంపెనీతో విడిగా సప్లై అగ్రిమెంట్ ఉందా? సర్వీస్ ఛార్జ్ అయితే ఫ్రీహోల్డరో (బిల్డింగ్ అసలు యజమాని), మేనేజింగ్ ఏజెంటో, రెసిడెంట్ల మేనేజ్‌మెంట్ కంపెనీయో అప్లై చేస్తారు. విడిగా కంపెనీ ఉండి, డెవలపర్ దానికి పాతికేళ్లో ముప్ఫయ్యేళ్లో కాంట్రాక్ట్ రాసిచ్చి ఉంటే అప్లై చేయాల్సింది ఆ కంపెనీ. చాలా చోట్ల బిల్లు పంపేవాడు వేరే ఉంటాడు, వాడికి మీటరు చదివి డబ్బు వసూలు చేయడం తప్ప ప్లాంట్ మీద ఏ హక్కూ ఉండదు. జనం ఏళ్ల తరబడి వాడి కస్టమర్ కేర్‌తో పోట్లాడుతూ కూర్చుంటారు, లాభం లేదు.

అద్దెకున్నవాళ్లయితే ముందు ల్యాండ్‌లార్డ్‌ని కలుపుకోండి, లీజు హక్కులు ఆయనవి. కౌన్సిల్ లేదా హౌసింగ్ అసోసియేషన్ ఇల్లయితే నేరుగా వాళ్లనే అడగొచ్చు, ఈ పథకం ప్రభుత్వ, ప్రైవేటు, స్వచ్ఛంద సంస్థలన్నిటికీ వర్తిస్తుంది.

బిల్డింగ్ కట్టి ఇంకా రెండేళ్లు దాటకపోతే గ్రాంటు సంగతి కాసేపు పక్కన పెట్టండి. కొత్త ఇళ్ల వారంటీల్లో మామూలుగా మొదటి రెండేళ్లు లోపాలు సరిచేయాల్సింది బిల్డరే. హీటింగ్ తంటాల్లో సగం అసలు కమిషనింగ్ (బిగించాక అన్నీ సెట్ చేసి నడిపించడం) సరిగా చేయకపోవడం వల్ల వచ్చేవే, బిల్డర్ చేయాల్సిన పనికి మీరెందుకు డబ్బు పెట్టాలి?

2. లెక్కలు తీయండి, అసలు బలం ఇక్కడే ఉంది

"బిల్లు ఎక్కువొస్తోంది" అని మెయిల్ పెడితే "గ్యాస్ రేట్లు పెరిగాయండీ" అని జవాబొస్తుంది. అక్కడితో అయిపోతుంది. దానికి విరుగుడు ఒక్క అంకె: మీ వ్యవస్థ సామర్థ్యం. ఏడాదిలో బాయిలర్ రూమ్‌కి కొన్న గ్యాస్ ఎన్ని యూనిట్లు (యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్), అదే ఏడాదిలో ఫ్లాట్ల మీటర్లన్నీ కలిపి ఎన్ని యూనిట్ల వేడి చూపించాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి.

ఉదాహరణకి 120 ఫ్లాట్ల బిల్డింగ్ అనుకుందాం. గ్యాస్ 10 లక్షల యూనిట్లు, ఫ్లాట్లకి చేరింది 4 లక్షల 20 వేలు. అంటే 42 శాతం. గ్యాస్ యూనిట్ 6 పెన్నీలకి కొన్నా, మీ దాకా వచ్చేసరికి ఒక్కో యూనిట్ 14.3 పెన్నీలు పడుతుంది, ఇంకా స్టాండింగ్ ఛార్జ్ కలపకుండానే. అదే వ్యవస్థని 65 శాతానికి తీసుకొస్తే 9.2 పెన్నీలు. గ్యాస్ ధర మారలేదు, మారింది మధ్యలో కారిపోయేదే. బాయిలర్లు 85 శాతంతో పనిచేస్తున్నాయనుకుంటే, ఈ బిల్డింగ్‌లో పైపుల్లో పోయే వేడి ఫ్లాట్‌కి సుమారు 400 వాట్లు, రాత్రీ పగలూ, ఎండాకాలంలో కూడా. ఒక్కో ఫ్లాట్ పేరు మీద ఏడాదికి మూడున్నర వేల యూనిట్లు ఎవరికీ పనికిరాకుండా పోతున్నాయన్నమాట. చిల్లుకుండలో నీళ్లు పోస్తూ, నీళ్ల ధర పెరిగిందని బాధపడ్డట్టుంది.

ఈ అంకెలు ఎక్కడ దొరుకుతాయి? సర్వీస్ ఛార్జ్ ద్వారా కడుతున్నట్టయితే 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ సెక్షన్ 21 కింద ఖర్చుల సారాంశం అడగొచ్చు, అది వచ్చాక ఆరు నెలల్లోపు సెక్షన్ 22 కింద అసలు ఇన్‌వాయిస్‌లు, రసీదులు చూపించమనొచ్చు. గ్యాస్ ఇన్‌వాయిస్‌లు అందులోనే ఉంటాయి, యూనిట్లు వాటి మీదే రాసి ఉంటాయి. మొహమాటపడకండి, అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లు ఆగిపోతుంటారు, చట్టం ఇచ్చిన హక్కు ఇది. ఫ్లాట్ల మీటర్ల మొత్తం మాత్రం ఏజెంటునో బిల్లింగ్ కంపెనీనో అడగాలి, ఎవరి రీడింగ్ ఎంతో అక్కర్లేదు, మొత్తం చాలు.

వాళ్లు ఇచ్చేలోపు మీరే తీయగలిగినవి కొన్ని ఉన్నాయి.

హీట్ మీటర్ మీద బటన్ నొక్కుతూ పోతే చాలా మోడళ్లలో వరసగా యూనిట్లు, ఘనపు మీటర్లలో పారిన నీళ్లు, వచ్చే నీటి వేడి, తిరిగి వెళ్లే నీటి వేడి కనిపిస్తాయి. ఒక నెల మొదట్లో, చివర్లో ఫొటో తీసుకోండి. ఆ నెలలో వాడిన యూనిట్లని పారిన ఘనపు మీటర్లతో భాగించి, దాన్ని 1.16తో భాగించండి. వచ్చేది సగటున ఎన్ని డిగ్రీల వేడి మీరు తీసుకున్నారో ఆ అంకె. 200 యూనిట్లకి 10 ఘనపు మీటర్లు పారితే 17 డిగ్రీలు వస్తుంది. ఇది బాగా తక్కువ. సరిగ్గా పనిచేసే వ్యవస్థలో 30 దాటాలి. తక్కువ వచ్చిందంటే అర్థం, వేడి నీళ్లు మీ ఫ్లాట్‌లోకి వచ్చి పెద్దగా వేడి దిగకుండానే వెనక్కి పోతున్నాయి. పంపులు ఉత్తినే తిప్పుతున్నాయి, తిరుగు పైపు కూడా కాలిపోతూ ఉంటుంది, దాని ఒంటి నుంచీ వేడి పోతుంది, అంత వేడిగా తిరిగొచ్చే నీళ్లతో కండెన్సింగ్ బాయిలర్ కూడా కండెన్స్ అవ్వదు, అంటే పొగతో పోయే వేడిని పట్టుకోలేదు. పదిమంది పొరుగువాళ్ల చేత ఇదే లెక్క చేయించండి. ఎక్కువమందికి తక్కువొస్తే జబ్బు బిల్డింగ్‌ది. ఒకరిద్దరికే అలా వస్తే వాళ్ల హెచ్‌ఐయూలో కవాటం ఇరుక్కుపోయి ఉండొచ్చు.

ఇంకొకటి, జులైలో కారిడార్‌లో మామూలు థర్మామీటర్ పెట్టి ఫొటో తీయండి. బయట 22 ఉన్నప్పుడు లోపల 29 ఉంటే రైజర్ అల్మారాల్లో (అంతస్తులకి నిలువుగా పైపులు వెళ్లే చోట) పైపులకి ఇన్సులేషన్ లేదని, ఉన్నా కవాటాల దగ్గర, మలుపుల దగ్గర వదిలేశారని అనుమానించాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి వెచ్చటి కారిడార్ హాయిగానే ఉంటుంది, ఆ హాయికి డబ్బు కడుతున్నది మాత్రం మీరు.

3. పదిమందిని పోగేయండి

ఒక్కరు రాస్తే ఫిర్యాదు, అరవైమంది రాస్తే సమస్య. వాట్సాప్ గ్రూపు ఎలాగూ ఉంటుంది, అందులో తిట్టుకోవడం మానేసి ఒక షీట్ తయారుచేసి ఫ్లాట్ నంబరు, ఏడాది యూనిట్లు, పైన చెప్పిన డిగ్రీల అంకె నింపమనండి. వీలైతే అధికారికంగా గుర్తింపు ఉన్న టెనెంట్స్ అసోసియేషన్ పెట్టుకోండి. ల్యాండ్‌లార్డ్ గుర్తించకపోతే ట్రిబ్యునల్‌ని (ఇలాంటి లీజు వివాదాలు తేల్చే కోర్టు లాంటిది) అడగొచ్చు, అందుకు ఇంగ్లండ్‌లో అర్హత ఉన్న ఫ్లాట్లలో కనీసం 50 శాతం సభ్యులుగా ఉండాలి. మన తెలుగువాళ్లు ఒకే బిల్డింగ్‌లో గుంపుగా ఉండే చోట ఈ సంఖ్య రావడం సులువే, కానీ దయచేసి తెలుగువాళ్ల గ్రూపు వరకే పరిమితం చేయకండి. పైఅంతస్తు పోలిష్ ఆయనకీ, పక్కింటి నైజీరియా ఆవిడకీ బిల్లు అంతే వస్తోంది.

4. ముందు స్టడీకి గ్రాంటు, తర్వాత పనికి గ్రాంటు

హెచ్‌ఎన్‌ఈఎస్‌లో రెండు రకాల డబ్బు ఉంది. రెవెన్యూ గ్రాంటు అంటే ఒక నిపుణుణ్ణి పెట్టి ఆప్టిమైజేషన్ స్టడీ చేయించడానికి ఇచ్చేది. కాపిటల్ గ్రాంటు అంటే నిజంగా పనులు చేయడానికి ఇచ్చేది, అదీ ఖర్చులో కొంత భాగానికే, మిగతాది ఓనర్ చూసుకోవాలి. ఏజెంటుతో మాట మొదలుపెట్టేటప్పుడు స్టడీతోనే మొదలుపెట్టండి. "లక్షల పౌండ్ల పని చేయండి" అంటే ఎవరూ కదలరు, "ప్రభుత్వ డబ్బుతో ఒక స్టడీ చేయిద్దాం, ఏం తప్పో తెలుస్తుంది" అంటే వద్దనడానికి వాళ్లకి కారణం దొరకదు.

ఉత్తరం ఒక్క పేజీ దాటనివ్వకండి. బిల్డింగ్‌లో ఎన్ని ఫ్లాట్లు, లెక్కేసిన సామర్థ్యం ఎంత శాతం, మీటర్ల సగటు ఎన్ని డిగ్రీలు, ఏడాదిలో ఎన్నిసార్లు వేడినీళ్లు ఆగాయో ఆ తేదీలు, ఇదిగో ఈ పథకం పేరు, ఇన్ని రోజుల్లో జవాబివ్వండి. అంతే. కోపం రాయకండి. ఈ పథకం చూసే అధికారులకి కావాల్సింది కూడా ఇవే వివరాలు: వ్యవస్థ ఎంత నాసిగా నడుస్తోంది, జనానికి ఏం ఇబ్బంది. అంటే ఆ ఉత్తరమే రేపు అప్లికేషన్‌లో సగం.

దరఖాస్తులు విడతలుగా తీసుకుంటారు, ప్రతి విడతకీ ముగింపు తేదీ ఉంటుంది, అది ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పథకం పేజీలోనే ఉంటుంది. ఏజెంటు మీటింగు మీద మీటింగు పెట్టి ఆ తేదీ దాటించేస్తే తర్వాతి విడత దాకా ఆగాలి, అందుకే మీరే ఆ పేజీ మీద కన్నేసి ఉంచండి.

స్టడీ చేసేవాళ్లు ఏం చూడాలో ముందే అడగడం మంచిది. ప్లాంట్ రూమ్‌లో వెళ్లే, తిరిగొచ్చే వేడి కనీసం కొన్ని వారాలపాటు రికార్డు చేయాలి. కొన్ని ఫ్లాట్లలోకి వెళ్లి హెచ్‌ఐయూలు తెరిచి చూడాలి. రైజర్ల పైచివర బైపాస్ కవాటాలు (వేడినీళ్లని ఫ్లాట్లలోకి పోకుండానే వెనక్కి తిప్పేవి) తెరిచి వదిలేశారేమో చూడాలి, ఇది చాలా చోట్ల కనిపించే తప్పు, కమిషనింగ్ రోజున తెరిచి మళ్లీ ఎవరూ మూయరు. నీటి నాణ్యత పరీక్షించాలి, పైపుల్లో నల్లటి తుప్పు బురద చేరితే ఎంత ఖరీదైన హెచ్‌ఐయూ పెట్టినా రెండేళ్లలో మూసుకుపోతుంది. ఇవేవీ లేకుండా "బాయిలర్లు మార్చాలి" అని చివర తేల్చే రిపోర్టు వస్తే దాన్ని నమ్మకండి. ఈ గ్రాంటు కొత్త గ్యాస్ బాయిలర్ కొనివ్వడానికి కాదు. పంపులు, కంట్రోల్స్, ఇన్సులేషన్, హెచ్‌ఐయూలు, మీటర్లు, నీళ్లని ఫ్లాట్లన్నిటికీ సరిగ్గా పంచే బ్యాలెన్సింగ్, ఇలాంటివాటికి.

నా మట్టుకు నాకు, రిపోర్టులో ముందుగా అడగాల్సింది దాదాపు ఖర్చు లేని పనుల జాబితా. ఫ్లో టెంపరేచర్ (ప్లాంట్ నుంచి బయల్దేరే నీటి వేడి) 80 డిగ్రీల నుంచి దించడం, పంపులు ఎప్పుడూ పూర్తి స్పీడులో కాకుండా ఒత్తిడిని బట్టి తిరిగేలా సెట్ చేయడం, బైపాస్‌లు మూయడం. వీటికి గ్రాంటు దాకా ఆగక్కర్లేదు, వచ్చే వారం చేయొచ్చు. ఒక్క జాగ్రత్త: ఫ్లాట్లలో వేడినీళ్ల సిలిండర్లు ఉంటే లీజియనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా నిల్వనీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉంచాలి కాబట్టి మరీ కిందికి దించడం కుదరదు. అప్పటికప్పుడు వేడిచేసి ఇచ్చే హెచ్‌ఐయూలైతే ఇంకా వెసులుబాటు ఉంటుంది. ఇంజనీర్ని అడగకుండా ఎవరూ తిప్పేయకండి.

5. కాపిటల్ దరఖాస్తు, సెక్షన్ 20, డబ్బు లెక్క

ఇక్కడ టైమింగ్ తప్పితే మొత్తం పోతుంది. గ్రాంటు మంజూరు కాకముందే మొదలుపెట్టిన పనికి డబ్బు రాదు. అలాగని మంజూరయ్యాక తీరిగ్గా సెక్షన్ 20 (అదే 1985 చట్టం కింద లీజుదారులతో సంప్రదింపులు) మొదలుపెడితే గ్రాంటు గడువు సరిపోదు. సర్వీస్ ఛార్జ్ నుంచి ఒక్కో లీజుదారుడి వాటా 250 పౌండ్లు దాటే పని ఏదైనా ఉంటే ఓనర్ సెక్షన్ 20 సంప్రదింపులు జరపాలి. మొదట ఫలానా పని చేయబోతున్నాం అని నోటీసు, దానికి 30 రోజులు, ఆ లోపు మీరు ఒక కాంట్రాక్టర్ పేరు కూడా సూచించవచ్చు. తర్వాత కొటేషన్లతో ఇంకో నోటీసు, మళ్లీ 30 రోజులు. ఇది చేయకపోతే, ట్రిబ్యునల్ మినహాయింపు ఇస్తే తప్ప, ఓనర్ ఒక్కొక్కరి దగ్గర 250 పౌండ్లకి మించి వసూలు చేయలేడు. కాబట్టి దరఖాస్తు తయారవుతుండగానే మొదటి నోటీసు ఇచ్చేయమనండి.

డబ్బు విషయంలో మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడిగి జవాబులు దాచుకోండి. గ్రాంటు పోను మిగిలిన మొత్తం ఎవరు పెడతారు, రిజర్వ్ ఫండ్ నుంచా, మా దగ్గర కొత్తగా వసూలు చేస్తారా? మా వాటా లెక్కేసేటప్పుడు గ్రాంటు ముందే తీసేస్తారా? వ్యవస్థ ప్రైవేటు కంపెనీదైతే, ఆస్తి వాళ్లది కదా, అలాంటప్పుడు బాగుచేసే ఖర్చు మా మీద ఎందుకు? మూడో ప్రశ్నకి చాలా సార్లు నీళ్లు నమలడం తప్ప జవాబుండదు, అయినా అడగాలి, ఎందుకంటే కాంట్రాక్టులో నిర్వహణ, మార్పిడి బాధ్యత ఎవరిదో రాసే ఉంటుంది.

మీ వాటా 600 పౌండ్లు పడిందనుకోండి, కొనుక్కున్నవాళ్లలో కొందరు గొడవ చేస్తారు, రెండేళ్లలో ఫ్లాట్ అమ్మేసి వెళ్లేవాళ్లు మరీనూ. వాళ్ల ముందు పైన వేసిన లెక్కే పెట్టండి. యూనిట్‌కి 5 పెన్నీలు తగ్గి ఏడాదికి 3,500 యూనిట్లు వాడితే ఏడాదికి 175 పౌండ్లు మిగులుతాయి. మూడున్నరేళ్లలో తిరిగొస్తుంది. మీ బిల్డింగ్‌లో అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి ఇదే.

6. ఓనర్ కదలకపోతే

2023 ఎనర్జీ యాక్ట్‌తో హీట్ నెట్‌వర్క్‌ల మీద అజమాయిషీ ఆఫ్‌జెమ్‌కి అప్పజెప్పారు, ఆ నియంత్రణ 2026 జనవరి 27న అమల్లోకి వచ్చింది. ప్రైస్ క్యాప్ రాలేదు కానీ ధరలు న్యాయంగా ఉండాలని, ఫిర్యాదులు పద్ధతిగా చూడాలని సప్లయర్ల మీద నిబంధనలున్నాయి. దానికంటే ముందే, 2025 ఏప్రిల్ 1 నుంచి ఎనర్జీ అంబుడ్స్‌మన్‌కి (ఇంధన ఫిర్యాదులు తేల్చే స్వతంత్ర సంస్థ) వెళ్లే దారి తెరిచారు. ముందు సప్లయర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఎనిమిది వారాల్లో తేలకపోతే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి, మీకు ఖర్చేం ఉండదు. సర్వీస్ ఛార్జ్ సమంజసంగా లేదని అనుకుంటే ఇంగ్లండ్‌లో ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్ ఉంది, అక్కడ ఫీజు కట్టాలి, టైమూ పడుతుంది. రైట్ టు మేనేజ్ తీసుకుని మేనేజ్‌మెంట్ మీ చేతుల్లోకి తెచ్చుకోవడం ఇంకో దారి, అప్పుడు గ్రాంటుకి అందుకోసం మీరు పెట్టుకున్న కంపెనీయే అప్లై చేయొచ్చు, అయితే వేడి సప్లై ప్రైవేటు కంపెనీ కాంట్రాక్టులో ఉంటే ఇది ఆ కాంట్రాక్టుని కదపలేదు.

నా అనుభవంలో "అంబుడ్స్‌మన్" అన్న మాట కన్నా "సామర్థ్యం 42 శాతం, ఇదిగో మీ ఇన్‌వాయిస్‌లతోనే వేసిన లెక్క" అన్న వాక్యానికే ఏజెంట్లు త్వరగా ఫోన్ చేస్తారు.

7. పని జరిగేటప్పుడు, అయ్యాక

హెచ్‌ఐయూ మార్చేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, సగం ఫ్లాట్లలో తలుపు తీసేవాళ్లు లేక పని ఆగిపోవడం మామూలే, గ్రూపులో ముందే తేదీలు పెట్టి అద్దెకున్నవాళ్లకీ చెప్పండి. పాత మీటరు తీసే ముందు చివరి రీడింగ్ ఫొటో తీసుకోండి, ఇది మర్చిపోతే తర్వాత అంచనా బిల్లులతో టెన్షన్. ఇన్సులేషన్ వేశాక రైజర్ అల్మారా తెరిపించి కవాటాలకి కూడా జాకెట్లు తొడిగారో లేదో చూడండి.

పని అయ్యాక ఒక చలికాలం గడవనిచ్చి అదే లెక్క మళ్లీ వేయండి: గ్యాస్ ఎంత, ఫ్లాట్లకి చేరింది ఎంత, మీటర్ల డిగ్రీలు ఎంత. గ్రాంటు తీసుకున్నవాళ్లు ఫలితాలు ప్రభుత్వానికి రిపోర్టు చేయాలి, ఆ రిపోర్టు కాపీ మీకూ ఇవ్వమనండి. సామర్థ్యం పెరిగినా టారిఫ్ తగ్గకపోతే, లేదా యూనిట్ ధర తగ్గించి ఆ తేడా స్టాండింగ్ ఛార్జ్‌లో కలిపేస్తే, వెంటనే కొత్త టారిఫ్ ఎలా లెక్కేశారో చూపించమని ఫిర్యాదుగా రాయండి, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికి ఆగాల్సిన ఎనిమిది వారాల గడియారం ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచే మొదలవుతుంది.